పిక్క పట్టేసిందా? చెయ్యి వేసే ముందు, వేశాక

షటిల్ కోర్టులో వెనక్కి అడుగేసి స్మాష్ కొట్టబోయి పిక్క పట్టుకుని కూలబడతారు. కబడ్డీలో రైడ్‌కి వెళ్ళి కుంటుకుంటూ తిరిగొస్తారు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉందని పరుగు మొదలెట్టి, రెండో వారానికే మెట్లు దిగలేకపోతారు. వీటన్నిటికీ మన దగ్గర ఒకటే మందు. ఎవరో ఒకరు నూనె గిన్నెతో వచ్చి, "నరం పట్టేసింది, గట్టిగా తోమితే అదే పోతుంది" అంటారు. కొన్నిసార్లు నిజంగానే పోతుంది. కొన్నిసార్లు పది రోజుల్లో తగ్గాల్సిన నొప్పి రెండు నెలలు సాగుతుంది. ఎంత బలంగా తోమారన్నదానికన్నా ఏ రోజున, ఏ చోట, ఏ రకం నొప్పి మీద చెయ్యి వేశారన్నదే ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

ఆటల్లో తరచూ దెబ్బతినేది, ఇంట్లో వాళ్ళు సులువుగా మర్దన చేయగలిగేది పిక్క. అందుకే దాన్నే పట్టుకుని చెబుతున్నాను. తొడ కండరాలకు కూడా చాలావరకు ఇదే పద్ధతి. మెడ, వెన్నుపూసల జోలికి మాత్రం ఇది చదివి వెళ్ళకండి.

ముందు అది ఏ నొప్పో తేల్చుకోండి

పరిగెత్తుతుంటేనో, రాత్రి నిద్రలోనో పిక్క రాయిలా బిగుసుకుని ప్రాణం పోయినంత పనై, రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తే అది కండర పట్టు, అంటే క్రాంప్. దీనికి వెంటనే చేయాల్సింది మర్దన కాదు. మోకాలు చాపి, కాలివేళ్ళను పట్టుకుని పాదాన్ని ముఖం వైపుకు లాగి, బిగువు వదిలేదాకా అలాగే పట్టుకోండి. తర్వాత అరచేత్తో నెమ్మదిగా పిసకండి. అంతే, దీనికి ఇంకేం అక్కర్లేదు.

ఆడిన రోజు బాగానే ఉండి, మర్నాడు రెండు కాళ్ళూ ఒకేలా సలుపుతుంటే అది అలవాటు లేని శ్రమ వల్ల వచ్చిన నొప్పి. అలిపిరి మెట్ల దారిలో 3550 మెట్లెక్కి తిరుమల వెళ్ళొచ్చినవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి, దానంతట అదే తగ్గుతుంది. దీనికి మర్దన హాయిగా పనిచేస్తుంది, భయం లేదు. ఒక్క విషయం మాత్రం చూసుకోండి. జిమ్‌లో మొదటి రోజే వందల గుంజీలు తీసిన తర్వాత ఒళ్ళంతా నొప్పులతో పాటు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంటే మర్దన మాట మర్చిపోయి ఆసుపత్రికి వెళ్ళండి. కండరం బాగా దెబ్బతిని, దానిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతోందన్నమాట.

మూడోది కండరం చిట్లడం. ఆడుతుండగా ఒక్కసారిగా "టప్" మంటుంది. వెనక నుంచి ఎవరో రాయి విసిరినట్టో, రాకెట్‌తో కొట్టినట్టో అనిపించి వెనక్కి తిరిగి చూస్తారు, అక్కడ ఎవరూ ఉండరు. పిక్క లోపలి వైపు, మధ్యభాగంలో వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితమైన చోట నొప్పి ఉంటుంది. మునివేళ్ళ మీద లేవబోతే ఆ చోటే కలుక్కుమంటుంది. రెండు మూడు రోజులకు కమిలిన రంగు చీలమండ దాకా దిగుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా దీని గురించే.

సరిగ్గా ఇలాంటి "టప్" మడమకు నాలుగైదు సెంటీమీటర్ల పైన వినిపిస్తే అది కండరం కాకపోవచ్చు. పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే ఎకిలీస్ టెండన్ తెగి ఉండవచ్చు. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. మనిషిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు అంచు బయటకు వేలాడేలా ఉంచండి. బాగున్న కాలి పిక్కను అరచేత్తో గట్టిగా పిండండి. పాదం కిందికి, అంటే వేళ్ళు చాచిన వైపుకు కదులుతుంది. ఇప్పుడు నొప్పి ఉన్న కాలి పిక్కను అలాగే పిండి చూడండి. పాదం కదలకుండా వేలాడితే టెండన్ తెగినట్టే అనుకుని అదే రోజు ఎముకల డాక్టర్‌కు చూపించండి. "పాదం కదుపుతున్నాడుగా, ఏం కాలేదు" అని చాలామంది పొరబడతారు. లోపలున్న వేరే కండరాలు కూడా పాదాన్ని కొంత కదపగలవు కాబట్టి ఆ మాట లెక్కలోకి రాదు, పిండి చూసిందే లెక్క.

అసలు ముట్టుకోకూడని కాళ్ళు

ఏ దెబ్బా తగలకుండా ఒక్క కాలి పిక్కే వాచి, వెచ్చగా, ఎర్రగా, బరువుగా ఉంటే అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆపరేషన్ అయినవాళ్ళు, సిమెంట్ కట్టుతో పడుకుని ఉన్నవాళ్ళు, గర్భిణులు, బాలింతలు, అమెరికా నుంచి ఇరవై గంటలు విమానంలో కూర్చుని వచ్చినవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అలాంటి పిక్కను తోమితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి. విమానం దిగిన అత్తగారి కాళ్ళు వాచాయని నూనె రాసే కోడళ్ళు, కొడుకులు ముందు రెండు కాళ్ళూ వాచాయా, ఒకటేనా అన్నది చూడండి.

దెబ్బ తగిలిన కొన్ని గంటల్లో పిక్క చెక్కలా బిగిసి, వేళ్ళు కదిపినా భరించలేని నొప్పి, తిమ్మిరి వస్తుంటే అది కూడా అత్యవసరమే. లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందడం లేదన్నమాట, గంటలు కూడా ఆలస్యం చేయకూడదు.

జ్వరంతో ఒళ్ళు నొప్పులున్నవాళ్ళకు, ముఖ్యంగా డెంగీ రోజుల్లో, గట్టి మర్దన వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు డాక్టర్‌ను అడిగాకే. ఉబ్బిన సిరల మీద, పుండ్ల మీద ఎలాగూ చేయకూడదు.

చీలమండ బెణికితే ఇంకో చిన్న లెక్క ఉంది. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండ ఎముక వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. ఎమర్జెన్సీల్లో డాక్టర్లు వాడే లెక్కే ఇది. "బెణుకేలే" అని కట్టు కట్టించుకుని తిరిగేవాళ్ళలో విరుపులు బయటపడుతూనే ఉంటాయి.

మొదటి మూడు రోజులు

చిట్లిన కండరంలో రక్తం కారుతుంటుంది. ఆ సమయంలో తోమడం, వేడి కాపడం పెట్టడం, సాగదీయడం, మద్యం తాగడం అన్నీ ఆ రక్తస్రావాన్ని పెంచేవే. కాబట్టి మర్దన పూర్తిగా బంద్.

ఈ రోజుల్లో చేయాల్సింది ఇదీ. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మోకాలి కింద దాకా క్రేప్ బ్యాండేజీ చుట్టండి. వేళ్ళు పాలిపోయినా, తిమ్మిరెక్కినా విప్పి వదులుగా కట్టండి. పడుకున్నప్పుడు కాలు దిండ్ల మీద ఎత్తుగా పెట్టండి. నొప్పి ఎక్కువగా ఉంటే ఐసును బట్టలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. అది నొప్పి తగ్గడానికే, గాయం త్వరగా మానడానికి కాదు. ఐసు, విశ్రాంతి, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ కూడా, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తనే మాట మార్చుకున్నారు. నడిచేటప్పుడు రెండు చెప్పుల్లోనూ మడమ కింద చిన్న మెత్త పెట్టుకుంటే పిక్క మీద లాగుడు తగ్గుతుంది.

ఈ మూడు రోజుల మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కబడ్డీలో తొడ ముందు భాగానికి ఎదుటివాడి మోకాలు బలంగా తగిలిందనుకోండి. లోపల రక్తం గూడు కడుతుంది. దాన్ని "కరిగించాలని" మొదటి రోజు నుంచే నూనెతో రుద్దితే, కొందరిలో ఆ రక్తపు ముద్ద చోట ఎముక పుట్టుకొస్తుంది. అవును, కండరం మధ్యలో ఎముక. కొన్ని వారాల తర్వాత తొడలో గట్టి గడ్డ తగులుతుంది, మోకాలు పూర్తిగా ముడవదు, ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. దీన్ని మయోసైటిస్ ఒసిఫికన్స్ అంటారు. పిల్లల మోచేతి దెబ్బలకు మర్దన చేయించినప్పుడు కూడా ఇదే జరిగి చెయ్యి బిగుసుకుపోతుంది. మోచేతికి దెబ్బ తగిలితే మర్దన వద్దని మన ఎముకల డాక్టర్లు పదే పదే చెప్పేది ఇందుకే.

చెయ్యి లోపల ఏం చేస్తుంది

గుమ్మానికి మోచెయ్యి కొట్టుకుంటే రెండో చెయ్యి తనంతట తానే వెళ్ళి రుద్దుతుంది, నొప్పి కాస్త తగ్గుతుంది. స్పర్శ తాలూకు సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో వివరించారు. మర్దన చేసే మేలులో ఎక్కువ భాగం ఈ దారిలోనే, అంటే నరాల వ్యవస్థ శాంతించడం వల్లే వస్తుంది. భయంతో బిగబట్టిన కండరం వదులవుతుంది, కాలు కదపడానికి ధైర్యం వస్తుంది.

"లాక్టిక్ యాసిడ్‌ని బయటకు పంపుతుంది" అన్న మాట మాత్రం వదిలేయండి. ఆట ఆపిన గంట, గంటన్నరలో అది దానంతట అదే పోతుంది. 2012లో కెనడా పరిశోధకులు 11 మంది యువకుల్ని అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక తొడకు మాత్రమే పది నిమిషాలు మర్దన చేసి, కండరం ముక్కలు తీసి చూశారు. వాపు సంకేతాలు తగ్గాయి గానీ లాక్టేట్‌లో తేడా లేదు. 2020లో 29 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలోనూ మర్దన వల్ల వేగమో బలమో పెరిగినట్టు తేలలేదు. మర్నాటి నొప్పి, కండరం సాగే గుణం మాత్రం కొద్దిగా మెరుగయ్యాయి. ఈ "కొద్దిగా" అన్న మాట గుర్తుపెట్టుకుంటే ఇరవై సిట్టింగుల ప్యాకేజీ అమ్మేవాళ్ళ దగ్గర డబ్బు మిగులుతుంది.

పావుగంట మర్దన: చేసే తీరు

వాపు పెరగడం ఆగి, చదునైన నేల మీద దాదాపు కుంటకుండా నడవగలుగుతుంటే, చిన్న చిట్లుడుకు నాలుగైదు రోజుల తర్వాత మొదలుపెట్టవచ్చు. పెద్దదైతే ఫిజియోథెరపిస్టు చూశాకే.

చెయ్యి వేసే ముందు ఒక కొలత తీసుకోండి. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. బొటనవేలిని ఎంత వెనక్కి జరిపినా మోకాలు ఇంకా తాకుతోందో స్కేలుతో కొలవండి. రెండు కాళ్ళకూ చూడండి. మర్దన అయ్యాక ఇదే మళ్ళీ కొలుస్తారు. చాలామంది ఈ పని వదిలేస్తారు, నా లెక్కలో మర్దనకన్నా ఇదే ముఖ్యం. కొలత లేకపోతే "హాయిగా ఉంది" అన్న ఒక్క మాటే మిగులుతుంది.

బోర్లా పడుకోబెట్టి చీలమండ కింద చుట్టిన దుప్పటి పెట్టండి, మోకాలు కొద్దిగా మడత పడాలి. నూనె ఏదైనా ఫర్వాలేదు, కొబ్బరిదో నువ్వులదో ఒక చెంచా చాలు. ఎక్కువైతే చెయ్యి జారిపోయి కండరం చిక్కదు. జండూ బామ్, అమృతాంజనం లాంటివి రాస్తే చర్మం మీది చురుకుదనంతో నొప్పి మరుపుకొస్తుంది, తప్పులేదు. వాటి మీద వేడి కాపడం మాత్రం పెట్టకండి, చర్మం కాలుతుంది.

మొదటి రెండు మూడు నిమిషాలు అరచేయి మొత్తం ఆనించి, మడమ నుంచి మోకాలి కిందికి పొడవుగా నెమ్మదిగా పోనివ్వండి. ఇది వెతుకులాట కూడా. ఎక్కడ వెచ్చగా ఉంది, ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ కాలు ఉలిక్కిపడుతోంది అన్నది చేతికి తెలియాలి. మోకాలి వెనక గుంటలో ఎప్పుడూ నొక్కకండి, రక్తనాళాలు, నరం అక్కడ పైపైనే ఉంటాయి.

తర్వాత రెండు చేతులతో కండరాన్ని ఎముక నుంచి పక్కకు ఎత్తుతూ పిసకండి. చపాతీ పిండి పిసికినట్టు కిందికి నొక్కడం కాదు, పైకి ఎత్తి వదలడం. చిట్లిన చోటును వదిలేసి దాని పైన, కింద, పక్కన చేయండి. మొదటి వారం ఆ చోటు మీద నేరుగా బొటనవేలు పెట్టకూడదు.

ఇప్పుడు బొటనవేళ్ళు. పిక్క మధ్యగీత నుంచి లోపలి వైపుకు కొద్ది కొద్దిగా జరుపుతూ పోతే ఒకచోట బిగించిన తాడులాంటి గీత తగులుతుంది. వేలు దాని మీద పడగానే "అదే, అక్కడే" అంటారు. అక్కడ ఆగి, నిలకడగా నొక్కి పట్టుకోండి. పదిలో నాలుగైదు వంతుల నొప్పి ఉండాలి, అంతకు మించకూడదు. మనిషిని అడగనక్కర్లేదు కూడా. ఊపిరి బిగబట్టినా, కాలివేళ్ళు ముడుచుకున్నా, దుప్పటిని పిడికిట పట్టినా మీరు ఎక్కువ నొక్కుతున్నట్టే. అర నిమిషం నుంచి నిమిషం లోపు వేలి కింద బిగువు సడలుతుంది, నొప్పి రెండుకో మూడుకో దిగుతుంది. సడలకపోతే బలం పెంచకండి, పక్కకు జరగండి. అలా నొక్కి పట్టుకునే పాదాన్ని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించమంటే ఇంకా బాగా వదులుతుంది. మూడు నాలుగు చోట్లు చాలు.

పిక్కలో రెండు కండరాలున్నాయి. పైకి కనిపించేది గ్యాస్ట్రాక్నీమియస్, మోకాలి పై నుంచి దిగుతుంది. దాని కింద సోలియస్, మోకాలి కింద మొదలవుతుంది. దూరం పరిగెత్తేవాళ్ళకు తరచూ ఇబ్బంది పెట్టేది ఈ రెండోదే. దాన్ని అందుకోవాలంటే మోకాలిని తొంభై డిగ్రీలు మడిచి పాదం పైకి ఉండేలా పట్టుకోండి. పై కండరం వదులైపోతుంది. అప్పుడు రెండు పక్కల నుంచీ వేళ్ళతో లోపలికి వెళ్ళవచ్చు.

చివర మళ్ళీ అరచేత్తో పొడవుగా రెండు నిమిషాలు. మొత్తం పావుగంట మించనక్కర్లేదు. రోజు విడిచి రోజు చాలు. మర్నాటికి కొత్తగా కమిలినా, నొప్పి ఒక రోజుకు మించి ఉన్నా ఈసారి బలం సగానికి తగ్గించండి. కమిలిపోయేలా తోమడం పనితనానికి గుర్తు కాదు.

ఒంటరిగా ఉంటే కుర్చీలో కూర్చుని, నొప్పి కాలి పిక్కను రెండో కాలి మోకాలి మీద ఆనించి ముందుకూ వెనక్కీ జరపండి. ఎంత నొక్కాలో మీ చేతిలోనే ఉంటుంది. అప్పడాల కర్ర కూడా బాగా పనికొస్తుంది, ఇంట్లో వాళ్ళు ఒప్పుకుంటే.

వెంటనే లేచి నిలబడండి

మర్దనతో నొప్పి తగ్గిన ఆ కాసేపట్లోనే కండరంతో పని చేయించాలి. కొత్త నారలు లాగుడుకు అలవాటు పడేది అప్పుడే. హాయిగా ఉందని పడుకుని నిద్రపోతే చేసిన శ్రమలో సగం వృథా.

గోడ పట్టుకుని రెండు కాళ్ళ మీద మునివేళ్ళపై లేచి, నెమ్మదిగా దిగండి. పదిహేను చొప్పున మూడు విడతలు. నొప్పి పదిలో మూడు దాటకపోతే, మర్నాడు పెరగకపోతే సరైన మోతాదు. అది సులువయ్యాక ఒంటి కాలి మీద. ఆ తర్వాత మోకాలు కొద్దిగా వంచి అదే పని, సోలియస్ కోసం. తర్వాత చేతిలో నీళ్ళ డబ్బా పట్టుకుని.

ఎకిలీస్ టెండన్ నెలల తరబడి నొప్పి పెడుతుంటే దాన్ని రుద్దడంకన్నా ఈ వ్యాయామమే మేలు. స్వీడన్ డాక్టర్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రకటించిన పద్ధతిలో మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించడమే అంతా. మూడు పదిహేనులు, రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాలు. ఓపిక కావాలి, అంతకు మించి ఖర్చు లేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివిన ఫిజియోథెరపిస్టు ఏ జిల్లా కేంద్రంలోనైనా దొరుకుతారు. బోర్డు మీద ఏముందన్నదానికన్నా మొదటి పది నిమిషాలు చూడండి. ముట్టుకునే ముందు ఎలా తగిలింది, ఏ మందులు వాడుతున్నారు అని అడగాలి. నడిపించి, కాలు కదిపించి చూడాలి. వెళ్ళేటప్పుడు ఇంట్లో చేయాల్సిన వ్యాయామం చెప్పాలి. ఇవేవీ లేకుండా మంచమెక్కించి మెషిన్ తగిలించి పక్క గదికి వెళ్ళిపోతే మీరు కూడా ఇంటికి వెళ్ళిపోవచ్చు. "నరం మీద నరం ఎక్కింది, ఒక్క గుంజుతో సర్దేస్తా" అనేవాళ్ళ చేతికి కాలు ఇవ్వకండి. 2016 రియో ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద గుండ్రని మచ్చలు చూసి మన ఊళ్ళలోనూ కప్పింగ్, అంటే చర్మం మీద కప్పులు బోర్లించి లోపలి గాలి లాగేయడం, మొదలెట్టారు. ఆయన పతకాలకు ఆ మచ్చలే కారణమని ఎవరూ రుజువు చేయలేదు.

మళ్ళీ కోర్టులోకి

తేదీ చూసి దిగకండి, కాలిని చూసి దిగండి. అరగంట చురుగ్గా నడిచినా నొప్పి ఉండకూడదు. గోడ దగ్గర తీసిన కొలత రెండు కాళ్ళకూ ఇంచుమించు ఒకటి కావాలి. ఒంటి కాలి మునివేళ్ళ మీద ఇరవైకి పైగా లేవగలగాలి, రెండో కాలితో సమానంగా. ఆ కాలి మీదే పదిసార్లు గెంతినా కలుక్కుమనకూడదు. చిన్న చిట్లుడుకు ఇది ఒకటి నుంచి మూడు వారాల పని. కాస్త పెద్దదైతే నెల నుంచి రెండు నెలలు.

మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఇరవై నిమిషాలు. రెండు రోజులాగి కాలు ఏమంటుందో చూసి పరుగు భాగం పెంచండి. షటిల్ ఆడేవాళ్ళు మొదటి వారం సగం కోర్టులో డ్రాప్‌లు, నెట్ షాట్లతో సరిపెట్టుకోండి. వెనక్కి పరిగెత్తి గెంతి కొట్టడం అన్నిటికన్నా చివర. మూడు వారాలైనా మునివేళ్ళ మీద లేవలేకపోతున్నా, కండరంలో గుంట తగులుతున్నా అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించి చూపించండి. ఆ స్కాన్ చూసేదాకా ఇంట్లో మర్దన ఆపేయండి.